తన మీద తనే దండెత్తిన పిల్ల

"కళ్లు నెత్తికెక్కాయా మీకు?"

నేను ఆమెకు పంపిన మొట్టమొదటి మెసేజ్ అది. ప్రేమకథకి ఇంతకన్నా దరిద్రమైన మొదలు ఉండదని నాకూ తెలుసు. కానీ ఏం చెయ్యను, అరికాలి మంట నెత్తికెక్కింది!

మేమాడేది ప్రపంచాన్ని గెలిచే ఆట. ఆన్‌లైన్‌లోనే బోర్డు, బోర్డంతా ఒక పటం. వంతు రాగానే పాచికలు వెయ్యడం, పక్కవాడి దేశం లాక్కోవడం. ఒక ఖండం మొత్తం మన రంగులోకి వస్తే వంతు వంతుకీ అదనపు సైన్యం ఇస్తారు. నేను ముక్కీ మూలిగీ దక్షిణ ఖండం పట్టుకుని, అలా టీ తాగి వచ్చేలోపు 'నీటిబొట్టు' అనే పేరుగల మనిషి దాన్ని నడిమికి విరిచేసింది. మా ఇద్దరికీ సంధి కూడా ఉంది!

జవాబు వెంటనే వచ్చింది. "సంధి తెంచుతున్నానని నిన్ననే చాట్‌లో అందరి ముందూ చెప్పాను. మీరు చదవలేదు."

పైకెళ్లి చూశాను. నిజమే. 'రేపటి నుంచి మన సంధి లేదండీ, సరిహద్దు చూసుకోండి' అని ఎంతో మర్యాదగా చెప్పింది.

"మీ పేరు 'కళ్లజోడు' కదా," మళ్లీ వచ్చింది మెసేజ్. "ఒకసారి తీసి, తుడిచి పెట్టుకోండి."

నేను పనిచేసేది కళ్లజోళ్ల షాపులోనే. పొద్దస్తమానం అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించడమే నా పని. ఊరందరి చూపూ సరిచేస్తాను గానీ నా ఎదురుగా ఉన్నది చదవలేదు.

తర్వాతి ఆటలో నేనే వెళ్లి సంధి అడిగాను. శత్రువుగానే ఇంత పద్ధతిగా ఉన్న మనిషి స్నేహితురాలైతే ఎలా ఉంటుందో చూడాలనిపించింది.

"సరే. కానీ సరిహద్దులో మీ సైనికుడు ఒక్కడే ఉన్నాడేంటి?" అంది.

"మీరున్నారుగా అవతల."

"నేను తల్చుకుంటే ఇప్పుడే లోపలికి వచ్చేస్తా."

"తల్చుకోండి."

"తల్చుకోవాలని లేదు లెండి," అని, తన వైపు సైన్యాన్ని కూడా తీసేసి ఒక్కణ్నే ఉంచింది. ఆ ఇద్దరు ఒంటరి సైనికులూ ఆట అయ్యేదాకా అలా ఎదురెదురుగా నిలబడే ఉన్నారు. వాళ్లని చూస్తుంటే నాకెందుకో సిగ్గేసేది.

ఒకరోజు మధ్యాహ్నం వాన దంచి కొడుతోంది.

"నెట్ పోయేలా ఉంది, త్వరగా ఆడండి," అన్నాను. "ఇక్కడ ఒకటే వాన."

"ఇక్కడా వానే. మా ఆఫీసు ఎదురుగా చెట్టు కొమ్మ విరిగి పడింది. పసుపు బస్సులన్నీ బారులు తీరి ఆగిపోయాయి."

నేను లేచి షాపు తలుపు తీసి చూశాను. పసుపు బస్సులు. బారులు తీరి ఉన్నాయి.

"అందులో చివరి బస్సు మా షాపు ముందుంది," అన్నాను.

మొదటి బస్సు ఎక్కడుందా అని మెడ చాచి చూశాను. బయట వాన మాత్రం తన పని తాను చేసుకుపోతోంది.

అలా తెలిసింది, ఇద్దరిదీ ఒకే ఊరని. తను నీటి సరఫరా ఆఫీసులో పైపుల మ్యాపులు గీస్తుందట. కలుద్దామా అని అడిగితే ఒప్పుకోలేదు. అప్పటికే మేమిద్దరం టోర్నమెంట్ ఫైనల్‌కి వచ్చేశాం.

"ఫైనల్ అయ్యాకే," అంది. "మీ ముఖం చూస్తే నాకు దాడి చెయ్యబుద్ధి కాదేమో."

ఆ 'ఏమో' పట్టుకుని వారమంతా నాలో నేనే నవ్వుకుంటూ తిరిగాను. ఒకాయనకి ఎడమ అద్దం కుడివైపు బిగించి ఓనరుతో చీవాట్లు తిన్నాను.

ఫైనల్లో ముగ్గురమే. నాది ఆకుపచ్చ, తనది నీలం. ఎరుపు 'మీసాలాయన'ది, చాలా ఏళ్లుగా ఆడుతున్న పెద్దమనిషి. గెలిచినవాళ్లు కొత్త మ్యాపు గీసిస్తే దాన్ని సైట్లో పెడతారు, వేలమంది దాని మీద ఆడతారు. నాకు ఆ బహుమతితో పనిలేదు, సరళరేఖ కూడా సరిగ్గా గియ్యలేను. తనకి మాత్రం అది ప్రాణం.

"నేను గీసినవన్నీ మట్టికింద పూడ్చేస్తారు. ఊరంతా వాటి మీద నడుస్తుంది, ఒక్కరికీ కనబడవు," అంది ఒకసారి. "ఒక్క మ్యాపైనా జనం చూడాలండీ. నా గీతల మీద వేలు పెట్టి దారి వెతుక్కోవాలి."

ఆట సగంలో ఉండగా అమ్మకి కడుపునొప్పి వచ్చింది. ఆసుపత్రికి తీసుకెళితే లోపల చీము పట్టిందన్నారు, వెంటనే ఆపరేషన్ అన్నారు. మా ఇంట్లో ఉండేది అమ్మా నేనూ అంతే. స్ట్రెచర్ పక్కన నిలబడి తనకి మెసేజ్ పెట్టాను.

"అమ్మకి ఆపరేషన్. నేనిక ఆడలేను. మ్యాపు మీరే గీస్తారు, ఆల్ ది బెస్ట్."

వంతులు తప్పితే ఆటలోంచి తీసేస్తారు. సైన్యం దిక్కులేకుండా నిలబడిపోతుంది, పక్కవాళ్లు దాన్ని తినెయ్యొచ్చు. నా పక్క తనే ఉంది. కళ్లు మూసుకుని గెలిచెయ్యొచ్చు.

"పిచ్చిమాటలు మానండి," అని వచ్చింది. "మీ కాపలా నేనుంటా. పాస్‌వర్డ్ ఇచ్చి అమ్మ దగ్గర కూర్చోండి."

కాపలా అంటే, ఆడలేనివాళ్ల తరఫున ఇంకొకళ్లు ఆడటం. ప్రత్యర్థే కాపలా ఉండాలంటే మిగతావాళ్లు ఒప్పుకోవాలి. మీసాలాయన చాట్‌లో నవ్వాడు. "దొంగచేతికి తాళాలిస్తున్నావయ్యా కళ్లజోడూ! సరే కానీ, నాకేం పోయె."

పాస్‌వర్డ్ పంపేసి ఫోను జేబులో పడేశాను. అమ్మ చెయ్యి పట్టుకుని కూర్చున్నాను. నిజం చెప్పాలంటే, ఆట మళ్లీ గుర్తుకే రాలేదు.

అమ్మ గండం గడిచి, ఇంటికొచ్చి, గంజి తాగి, "ఉప్పు తక్కువైందిరా" అని నా మీద కేకలేసిన రోజు నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడు తెరిచాను ఆటని.

పటమంతా ఆకుపచ్చ. నేను గెలిచాను! నీలం రంగు చుక్క కూడా లేదు.

మీసాలాయన నాకోసమే కాచుకుని ఉన్నట్టున్నాడు.

"ఏమయ్యా, ఏ జన్మలో ఏం పుణ్యం చేశావు? నేను నిన్ను మింగెయ్యడానికి ఉత్తరాన సైన్యం పోగేశాను. నువ్వు బతకాలంటే ఒకటే దారి, ఆ పిల్ల ఖండాన్ని విరగ్గొట్టి అటు జరగాలి. నీ తరఫున కూర్చుని తన ఖండాన్ని తనే కూల్చుకుంది. పోనీ తన వంతులో నిన్ను వదిలేసిందా? అదీ లేదు, గట్టిగా కొట్టింది. నీకొక్కడికే కనబడే కార్డులేంటో తెలిసీ, తన వంతులో తెలియనట్టే ఆడింది. రెండువైపులా న్యాయంగా ఆడి, తన చేత్తో తనే ఓడిపోయింది, ఆ ఖండం బలంతో నీ సైన్యం నన్నూ తుడిచిపెట్టింది. ఇన్నేళ్లలో ఇలాంటి ఆట నేను చూళ్లేదు."

తనకి మెసేజ్ పెట్టాను, జవాబు లేదు. మళ్లీ పెట్టాను, లేదు. భయమేసింది. మ్యాపు పోగొట్టుకుంది నా వల్ల. ఇక నాతో మాట్లాడదా?

మర్నాడు షాపుకి సెలవు పెట్టి నీటి సరఫరా ఆఫీసుకి పరిగెత్తాను.

"ఏ వీధి? కుళాయి రావట్లేదా?" అన్నాడు కౌంటర్లో గుమాస్తా.

"కుళాయి బానే వస్తోందండీ. మ్యాపులు గీసే ఆవిడ..."

వెనక గదిలో పెద్ద బల్లమీద వంగి గీస్తోంది ఒకమ్మాయి. చెవి మీద పెన్సిల్, ముక్కు మీద జారిపోతున్న కళ్లద్దాలు. ఎలా మొదలుపెట్టాలో తెలియక నోటికొచ్చింది అనేశాను.

"మీ ఫ్రేము కుడివైపు వంగిందండీ. సరిచేసిస్తాను."

తలెత్తింది. గుర్తుపట్టేసింది. ఆ కళ్లు ఒక్కసారి వెలిగి, వెంటనే నేల చూశాయి.

"అమ్మగారు ఎలా ఉన్నారు?" ముందు అదే అడిగింది.

"నన్ను తిడుతున్నారు. అంటే బాగున్నట్టే. మీరెందుకు మాట్లాడట్లేదు?"

"మ్యాపు పోయిందని ఏడుపొచ్చింది. మీకు చెబితే బాధపడతారు. చెప్పకుండా ఉంటే అబద్ధమాడినట్టుంటుంది. అందుకని."

"ఎందుకలా ఆడారు? వదిలేస్తే మీరే గెలిచేవారు కదా!"

"మీరు లేనప్పుడు మీ వైపు ఎవరో ఒకరు ఉండాలి కదండీ," అంది మామూలుగా.

బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. తేరుకుని, "మ్యాపు మీరే గీయాలి," అన్నాను.

ముక్కు మీదే ఉంది కోపం. "దానం చేస్తున్నారా?"

"దానమేంటి! నేను ఆసుపత్రి బెంచీ మీద కూర్చున్నాను. ఆడిందెవరు? గెలిచిందెవరు? మీ చేతుల్తో గెలిచింది మీకివ్వడం దానమవుతుందా? సైటు వాళ్లనీ అడిగాను, ఎవరు గీసినా సరేనన్నారు. మీ పేరే వేస్తారట."

కళ్లద్దాలు తీసి చున్నీతో తుడుచుకుంది, మళ్లీ పెట్టుకుంది, మళ్లీ తుడుచుకోవాల్సి వచ్చింది.

ఆ ఆదివారం తనని మా ఇంటికి తీసుకొచ్చాను. అమ్మ దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. తను ఇంకా నమస్కారం పెడుతూనే ఉంది, అమ్మ రెండు చేతులూ చాచి దగ్గరికి తీసుకుంది.

"నాకీ ఆటలు తెలియవు తల్లీ. ఆపరేషన్ గదిలోకి తీసుకెళ్లేటప్పుడూ వీడి చెయ్యి నా చేతిలోనే ఉంది, కళ్లు తెరిచినప్పుడూ అలాగే ఉంది. వాడి పని నువ్వు మోశావు కాబట్టే నా దగ్గర కూర్చోగలిగాడట. నా కొడుకుని నాకు వదిలిపెట్టావు. నీ మేలు ఈ జన్మకి మర్చిపోను."

తను అమ్మ ఒళ్లో తలపెట్టేసింది. నేను కిటికీలోంచి బయటకి చూస్తూ నిలబడ్డాను. ఇద్దరు ఆడవాళ్ల ముందు ఏడవడం నాకిష్టం లేదు.

"మీ పెద్దవాళ్లతో నేను మాట్లాడనా తల్లీ?" అంది అమ్మ, తల నిమురుతూ.

"ముందు మీ అబ్బాయిని మాట్లాడమనండి అత్తయ్యా," అంది ఒళ్లోంచే. "ఇంతవరకూ నోరు తెరిచి ఒక్క మాట అడిగితే ఒట్టు."

అత్తయ్యా అంది! అమ్మ నా వైపు చూసింది, ఏరా వెధవా అన్నట్టు.

"నువ్వంటే నాకు చాలా ఇష్టం," అన్నాను, మొదటిసారి 'నువ్వు' అని. "జీవితమంతా నీ వైపు నేనుంటాను. ఉండనిస్తావా?"

"ఉండు," అంది.