శీలగట్టు రథం

మూడు దిక్కులా నల్లని కొండలు కోటగోడలై నిలువగా, నాలుగవ దిక్కున ఉన్న ఒకే ఒక వాకిలి నుండి కొండమీది వీరభద్రుని గుడి దాకా ఏటవాలుగా ఎక్కిపోయే రాజవీధికి ఇరుపక్కలా ఏడు మఠాలూ నూరిళ్లూ అంటుకొని, ఉదయాన మంచు కప్పుకొని, పొద్దెక్కితే సెలయేళ్ల చప్పుడుతో విలసిల్లిన పుణ్యస్థలం శీలగట్టు. అటువంటి ఊరిని శత్రువుకు అప్పగించజూచినవాడు పరాయివాడు కాడు, ఆ ఊరి ఉప్పు తిన్న మంత్రి బయ్యన. వాడి పేరెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

శీలగట్టులో ఒక ఆచారమున్నది. రథోత్సవం నాడు స్వామి రథమెక్కింది మొదలు తిరిగి గుడి చేరేదాకా ఏ భటుని ఒంటిమీదా కత్తి ఉండరాదు. అన్నీ గుడిలో పెట్టి తాళం వేయవలసిందే. సరిగ్గా ఆ దినమే రమ్మని బయ్యన మేడిదుర్గం వారికి కబురంపాడు. ఊరు చిక్కితే దానికి వాడే దొర అట, సిగ్గులేని మనిషి.

సేనాపతి కేతినాయకునికి లోయ అడవిలో గుర్రాల జాడ కనబడింది. రాజు కామభూపతి కొలువుకు పోయి విన్నవించాడు.

"దేవరా, లోయలో దండు దాగి ఉన్నది. ఈ ఒక్క ఏడు నా నూరుగురికీ కత్తులు విడిచిపెట్టండి. పాపమైతే నా నెత్తిన వేయండి. యాత్రకు వచ్చిన ఆడవారూ పిల్లలూ వేయిమంది ఉన్నారు. వారిని ఒట్టిచేతులతో ఎట్లా కాచేది?"

బయ్యన నవ్వాడు. "మహాప్రభూ, స్వామి వాకిట స్వామినే నమ్మనివాడు రేపు మిమ్మల్ని నమ్ముతాడా? పండుగపూట నూరు కత్తులతో ఎవరి మీదికి పోవాలని ఈయన ఎత్తు?"

రాజు ఆ మాట పట్టుకున్నాడు. పదునెనిమిదేండ్లు తన కోట కాచినవాని పదవి నిలబడ్డపాటున ఊడబెరికి, "పోయి భక్తి నేర్చుకో" అని రథచక్రాల కింద మొద్దులు వేసే పనికి తోలాడు. ఏమనాలి ఇటువంటి రాజును? కేతినాయకుడు కత్తి తీసి గుడిలో పెట్టి, మొద్దు చేతబట్టాడు. వాలు వీధిలో రథాన్ని ఆపేదీ, మలుపులో తిప్పేదీ ఆ మొద్దే.

మిట్టమధ్యాహ్నం రథం వీధి పైకొసన నిలిచి ఉండగా, మేడిదుర్గం దండు కోటవాకిట చొరబడి, కత్తుల్లేని కావలివారిని నరికి వీధిలోకి తిరిగింది. గుడి తాళం తీసి కత్తులు పంచే వ్యవధి లేదు. కేతినాయకుడు రథం లాగే జనాన్ని మోకులు వదిలి ఇళ్లలో దూరమని కేకవేసి, రథం మీది త్రిలోచన శివాచార్యుల వైపు తిరిగాడు.

"అయ్యా, రథాన్ని వీరి మీదికి వదులుతాను. స్వామిని దించండి."

"నేను దిగుతాను, స్వామిని దించను," అన్నాడు ఆ ముసలి అర్చకుడు. "తన బిడ్డల కోసం ఆయన ఆ మాత్రం కదలడా? తీయి నాయకా."

ఆయన దిగగానే కేతినాయకుడు మొద్దు తీశాడు. రథం దొర్లింది. వాకిలి ముందు మలుపులో తిప్పకపోతే అది ఇళ్ల మీద పడుతుంది, ఆ ఇళ్ల నిండా జనం. అందుకని కేతినాయకుడు చక్రం వెంట పరుగెత్తి, మలుపు దగ్గర మొద్దు వేసి రెండు చేతులా అదిమిపట్టాడు. రథం తిరిగింది, దండును తొక్కుకుంటూ పోయి వాకిలికి అడ్డం పడింది. చక్రం ఆయన మీదుగానే పోయింది.

రాజు వచ్చేసరికి బయ్యన అరుస్తున్నాడు: "దేవుని రథం పగులగొట్టిన ద్రోహి! వీని శవానికి సంస్కారం కూడదు."

రథం కింద కాలు చిక్కిన శత్రుసేనాని తల ఎత్తాడు. "ఈ పూట ఊళ్లో అడ్డమే ఉండదని కబురంపితివే బయ్యనా," అన్నాడు.

రాజు బయ్యనకు సంకెళ్లు వేయించాడు, సరే, నా మటుకు అది చాలదు. తరువాత రాజు కళ్లు తుడుచుకొని కేతినాయకుని పాడె ఎత్తడానికి వంగాడు.

భటులు అడ్డం నిలిచారు.

"మా నాయకుణ్ణి మేము మోసుకుంటాం," అన్నాడు వారిలో పెద్దవాడు. "దేవరా, మీరు వెనుక నడవండి."

రాజు వెనుక నడిచాడు.