ఎత్తి తాగిన నీళ్లు

2068లో సామర్లకోటలో మంచినీళ్లు తాగడమంటే పరీక్ష చేయించుకున్నట్టే. హోటళ్లలో, ఆస్పత్రుల్లో, కల్యాణమండపాల్లో ఉన్నవన్నీ పసిగట్టు గ్లాసులు. అంచు చుట్టూ వెంట్రుక మందాన లాలాజల గ్రాహకం, అంటే సెన్సర్, ఉంటుంది. పెదవి ఆనితే చాలు, హెపటైటిస్-సి ఉందో లేదో కనిపెడుతుంది. ఉంటే ఆ మనిషి చేతి గడియారానికి గుట్టుగా కబురు పంపుతుంది. పేరు లేకుండా లెక్కను మాత్రం 'గణని' అనే యంత్రానికి అందజేస్తుంది.

మొదటి నెల లెక్క చూసి, ఆ గ్లాసులనూ గణనినీ తయారుచేసిన డాక్టర్ మందాకిని నివ్వెరపోయింది. పెద్దవాళ్లలో నూటికి తొమ్మిదిమందికి వైరస్ ఉంది. వారిలో ఎనిమిదిమందికి గ్లాసు చెప్పేదాకా ఆ సంగతే తెలియదు. నొప్పైనా లేకుండా ఏళ్ల తరబడి కాలేయాన్ని తినేసే జబ్బు మరి. మూడు నెలలు ఉచిత మాత్రలు మింగితే పోతుంది. తన అన్న సూర్యచంద్రం హోటల్లో కొత్తగా గ్లాసులు పెట్టిన రోజునే విలేకరులను పిలిచి ఆమె ఆ అంకె చెప్పేసింది. గ్లాసు వల్ల అంటదని, రక్తం ద్వారానే సోకుతుందని కూడా చెప్పింది. జనం చెవికి అంకె ఒక్కటే ఎక్కింది.

మరుసటి నెల గణని లెక్క: నూటికి సున్నా.

ఊరు సంబరపడింది. ప్రభుత్వం మాత్రలు ఆపేసింది. మందాకినికి శాలువాలు కప్పారు. ఒక్క నెలలో సున్నా ఎలా అయిందని ఆమెకు అనుమానం రాకపోలేదు. శాలువా కప్పించుకున్నాక అడగబుద్ధి కాలేదు.

రెండేళ్లకు సూర్యచంద్రం పొట్ట ఉబ్బి, కళ్లు పచ్చబడి ఆస్పత్రిలో చేరాడు. అదే వైరస్. మాత్రలు ఇప్పుడు వైరస్‌ను చంపినా, పాడైపోయిన కాలేయాన్ని తిరిగి తేలేవన్నారు.

మంచం పక్కన కూర్చుని మందాకిని గడియారంలోని గణనిని నిలదీసింది. "ఎందుకు తప్పు చెప్పావు?"

"ఆ నెల నుంచి గ్లాసులకు పెదవులు తగలడం లేదు. అంచు పొడిగా ఉంటే వైరస్ లేనట్టు రాయమని నేర్పింది మీరే."

ఆమె అన్న వైపు తిరిగింది. "ఎత్తి తాగావా అన్నయ్యా? అమ్మమ్మలతోనే పోయిందిగా ఆ అలవాటు!"

"నేనొక్కణ్ణేనా? ఊరంతా ఎత్తే తాగుతోందమ్మాయ్."

"అంటదని చెప్పానుగా!"

"చెప్పావే. చెప్పి, నేనిచ్చిన నీళ్లు నువ్వే ఎత్తి తాగావు. టీవీలో అందరూ చూశారు. ఇంత చదువుకున్నదానివి, నీకింకేదో తెలుసనుకున్నాం."

మందాకినికి గుర్తొచ్చింది. ఈ గ్లాసుతో ముందు ఎవరు తాగారో అనుకుంది ఆ రోజు. అంటదని ఆమెకంటే బాగా తెలిసినవాళ్లు లేరు. అయినా చెయ్యి పైకి లేచింది. ఆ చేతిని నరుక్కోవాలనిపించింది.

ఎత్తి తాగే ఓపిక లేక అన్న అంచుకు నోరు ఆనించి సగం తాగిన గ్లాసు బల్ల మీద ఉంది. ఆమె దాన్ని అందుకుంది. పెదవులు ఆనించి, మిగిలిన నీళ్లన్నీ తాగేసింది.

"పెదవి ఆనినవారు ఇద్దరు," అంది గణని. "వైరస్ ఉన్నవారు ఒకరు."

రెండేళ్లలో అది చెప్పిన మొదటి నిజమైన లెక్క అదే.