పూడుతున్న పునాది

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. నెలలు నిండిన భార్యను ఇంట్లో పెట్టుకుని, ఊరంతా బందులు జరుగుతుంటే ఇల్లు కట్టి చూడమని మాత్రం ఎవరూ అనలేదు. మట్టయ్య ఆ పనికే పూనుకున్నాడు.

ఆ ఉదయం అతని భార్య ముత్తమ్మ పీట మీద కూర్చుని చాయ్ మరగబెడుతోంది. గుమ్మం పక్కన అత్త అండాలమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్ళు ఏరుతోంది. దిల్‌సుఖ్‌నగర్‌లో వాళ్ళ కిరాయి ఇల్లంటే ఒక్కటే గది, వెనక రేకుల కింద ఒక బర్రె, అందరినీ సమానంగా ఏడిపించే పొయ్యి పొగ. పొద్దున్నే పునాది తవ్వుతున్న జాగ దగ్గరికి వెళ్ళిన మట్టయ్య తిరిగొచ్చి, పారను విసిరినట్టుగా గోడకు ఆనించాడు.

“మళ్ల పూడ్సిండ్రు.”

ముత్తమ్మ గిన్నె దించబోతూ ఆగింది. “మొత్తమా?”

“తూర్పు దిక్కే. గడప వచ్చే దిక్కు. ఎంత తవ్విననో అంత మట్టి లోపలికి గుంజిండ్రు. మిగిలిన మూడు దిక్కులు ముట్టలే. తూర్పుకు ఎవరున్నరు? సాంబమూర్తి ఉన్నడు. ఇంక సాక్షులు కావాల్నా?”

అండాలమ్మ తలెత్తలేదు. చేటలో దొరికిన రాయి తీసి వాకిట్లోకి విసిరింది.

మట్టయ్య లారీ డ్రైవరు. ఇక్కడి కొలువులు ఇక్కడివాళ్ళకేనని ముల్కీ గొడవ మొదలైన దగ్గర్నుంచి లారీలు నడిచిన రోజులకంటే నిలిచిన రోజులే ఎక్కువ. నల్లగొండ దగ్గర ఊరు వదిలొచ్చాక చెమటోడ్చి కొన్న జాగ ఒకటి ఎల్బీనగర్ పోయే దారిలో, నడిచి వెళ్ళేంత దూరంలో ఉంది. పని లేని చేతులను ఊరికే ఉంచడమెందుకని అక్కడ పునాది తవ్వడం మొదలుపెట్టాడు. మట్టిగోడలు, పైన పెంకులు, వెనక బర్రెకు కొట్టం, పక్కన బీరపాదులు, ముందు పిల్ల పాకేంత వాకిలి. తొలకరి పడేలోగా గోడలు లేచి కప్పు పడాలి. లేదంటే వానలు వెళ్ళేదాకా ఈ గదే గతి. ఈ పొగలో పసిగుడ్డును ఎక్కడ పడుకోబెట్టాలో ముత్తమ్మకు తోచడం లేదు. ఆ ఇంటి మీద ఆమె ప్రాణాలన్నీ పెట్టుకుంది.

మొదట్లో అండాలమ్మ ఒకసారి అడ్డు చెప్పింది. ఇంటికి గీతలు గీసి పని మొదలుపెట్టడాన్ని ఆ వైపువాళ్ళు ముగ్గు పోయడమంటారు. “కడుపుతోని మనిషుంటె ఇంటికి ముగ్గు పొయ్యరు బిడ్డా” అంది. మట్టయ్య నవ్వేశాడు. “ముగ్గు ఎవరు పోసిండ్రు? ఊకె తవ్వుతున్న” అన్నాడు. ఆమె మళ్ళీ ఆ ఊసెత్తలేదు. అత్త మెత్తబడిందని ముత్తమ్మ సంతోషపడింది.

చాయ్ గ్లాసుల్లో పోసేసరికి వాసన పట్టినట్టు బక్కయ్య వచ్చాడు. అతను అండాలమ్మ తమ్ముడు. చొక్కాకు ఉద్యమం బిల్ల, నినాదాలిచ్చి బొంగురుపోయిన గొంతు. చదువుకున్న కొడుక్కి కొలువు రాలేదని చెప్పేటప్పుడు అతని కళ్ళు తడిసేవి. ఆ బాధలో అబద్ధం లేదు. కానీ బాధకు ఎదురుగా ఒక మనిషి కావాలి, ఆ మనిషి దగ్గరలో ఉంటే ఇంకా మంచిది.

“నేను ముందుగాలనే చెప్పిన గద అల్లుడా. గుంటూరు నుంచి వచ్చి మన కొలువుల కూసున్నోడు మన జాగల కూసోడా? హద్దురాయి కాడ నీతోని లొల్లి పెట్టుకున్నడా లేదా?”

“పెట్టుకున్నడు.”

“ఇంకేంది మరి. ఒక్క మాట చెప్పు, పొద్దుమీకి మా పిలగాండ్లను తోల్కొస్త. కొట్టుడు లేదు, తిట్టుడు లేదు. సామాను బయట పెట్టి బెజవాడ బస్సెక్కమంటరు, అంతే.”

“అట్లనకు మామా” అంది ముత్తమ్మ. “చూసిండ్రా ఎవరన్న? చూడకుంట నింద ఎట్ల ఏస్తరు?”

“నేను చూసిన” అన్నాడు మట్టయ్య. “తవ్వుతుంటె కిటికీల నుంచి తొంగి చూసిండు. నేను తలకాయ ఎత్తంగనే రెక్క ఏసుకున్నడు. గుమ్మడికాయల దొంగంటె బుజాలు తడుముకున్నట్టు. పొద్దుమీకి రా మామా, అడుగుదం.”

అండాలమ్మ చేట చంకన పెట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది.

ముత్తమ్మకు చాయ్ రుచించలేదు. సాంబమూర్తి సంగతి ఆమెకు తెలియదు కానీ ఆయన భార్య ఇందిరాదేవి తెలుసు. జాగ చూడ్డానికి వెళ్ళినప్పుడల్లా కరివేపాకు నలిపి వేసిన మజ్జిగ ఇచ్చేది. “కాన్పు టైముకి నాకు కబురు పెట్టు, నేనొస్తాను” అని మాటిచ్చింది. పుట్టబోయే బిడ్డకు మెత్తటి పాతచీరలతో బొంత కుట్టింది. అలాంటి మనిషి మొగుడు రోజూ వచ్చి మట్టి పూడుస్తుంటే ఆమెకు తెలియకుండా ఉంటుందా? అనుమానం పెనుభూతమని ఊరికే అనలేదు. ఒకసారి ఇందిరాదేవి “మీ గడప సరిగ్గా మా వాకిలికి ఎదురు పడుతుందేమో ముత్తమ్మా” అనడం గుర్తొచ్చింది. అప్పుడు మామూలుగా విన్న మాటే ఇప్పుడు ముల్లులా తగిలింది. ముత్తమ్మ లేచి ఆ బొంతను పెట్టె అడుక్కి తోసేసింది. తోశాక సిగ్గేసింది. అయినా బయటికి తీయలేదు.

చాయ్ తాగాక వెళ్ళి తూర్పు దిక్కు మళ్ళీ తవ్వొచ్చిన మట్టయ్య మధ్యాహ్నం రోజూలాగే అన్నం తిని పడుకున్నాడు. సాయంత్రమైతే లారీల అడ్డాకు వెళ్ళి బందు సంగతులు విని వస్తాడు, మళ్ళీ పార పట్టేది మర్నాడు పొద్దునే. అండాలమ్మ బర్రెను తోలుకుని మేపడానికి పోయింది. ముత్తమ్మ కొంగు తలమీద కప్పుకుని బయల్దేరింది. నింద వేసేముందు మొహం చూసి ఒక మాట అడగాలి. అంతవరకే ఆమె అనుకున్నది. కడుపు బరువుకు అడుగడుక్కీ ఆగుతూ వెళ్ళేసరికి ఇందిరాదేవి తలుపు లోపల గడియ వేసి ఉంది.

“ఎవరు?”

“నేనే అక్కా, ముత్తమ్మను.”

“ఒక్కదానివే వచ్చావా?”

ఎప్పుడూ “రా అమ్మా” అని పిలిచే గొంతు ఇలా అడిగేసరికి ముత్తమ్మకు ఏడుపొచ్చినంత పనయింది. తలుపు తెరిచిన ఇందిరాదేవి ఆమెను చూసి, “ఇంత ఎండలో, ఈ నెలల్లో నడిచొచ్చావా? బుద్ధుండక్కర్లేదూ” అని తిడుతూనే మంచినీళ్ళిచ్చింది. గడియ మాత్రం మళ్ళీ వేసింది. ఆఫీసుకు వెళ్ళడం మానేసిన సాంబమూర్తి మూల కుర్చీలో పేపరు పట్టుకుని ఉన్నాడు.

“ఒకటి అడుగుత అక్కా, కోపం చేస్కోకు. మా బునాది ఎవరు పూడుస్తున్నరు?”

ఇందిరాదేవి భర్త వైపు చూసింది. ఆయన పేపరు మడిచాడు. “ఎవరేమిటమ్మా, మీవాళ్ళే కదా. మీ అత్తగారు.”

“మా అత్తనా?”

“రోజూ ఈ వేళకే వస్తారు. గేదెను తుమ్మచెట్టుకు కట్టేసి మట్టి లాగి పూడ్చి వెళ్తారు. కొలత తప్పిందేమో, మార్చుకుంటున్నారేమో అనుకున్నాం. అయినా ఈ రోజుల్లో కిటికీ తీసి పలకరించడమే తప్పయిపోతోంది. మీ ఆయన గునపం పట్టుకుని ఇటు చూస్తే ఈవిడ వణికిపోతోంది. ఇంక మేమేం అడుగుతాం?”

ముత్తమ్మ నమ్మలేదు. తప్పు తమ మీదికి రాకుండా ముసలిదాని మీదికి తోస్తున్నారనుకుంది. ఇందిరాదేవి కిటికీ రెక్క తీసింది.

అండాలమ్మ గోచీ బిగించి, ఎండలో వంగి, పారతో మట్టిని కందకంలోకి లాగుతోంది. నాలుగు సార్లు లాగి, నడుం పట్టుకుని నిలబడి, మళ్ళీ వంగుతోంది.

ముత్తమ్మ ఎలా వెళ్ళిందో ఆమెకే తెలియదు. వెళ్ళి అత్త చేతిలో పార పట్టుకుంది.

“ఏం చేస్తున్నవు అత్తా? ఈ ఇంటి కోసం నేను ఎంత పరేషాన్ అవుతున్ననో నీకెర్క లేదా? నా బిడ్డ మీద నీకేం పగ?”

“పగనా?” అండాలమ్మ మట్టికుప్ప మీద కూలబడింది. “మట్టయ్య కంటె ముందు నాకొక కొడుకు. మీ మామ గిట్లనే, నేను నిండు నెలల మీదుంటె కొత్త ఇంటికి ముగ్గు పోసిండు. గడప లేసిన్నాడే నొప్పులొచ్చినయి. పిలగాడు ఏడ్వనే లేదు బిడ్డా. ఏడుస్తడేమోనని చెవొగ్గి అట్లనే కూసున్న.”

“మాకెన్నడు చెప్పలే.”

“ఏమని చెప్పాలె? మీ మామ సచ్చెదాక ఆయనతోనే అనలే. అంటె ఆ మనిషి బతుకుతుండెనా? నీ కాన్పు అయ్యేదాక గడప లెవ్వకుంటె సాలనుకున్న. వద్దంటె నా కొడుకు నవ్విండు. నువ్వు గూడ నవ్వినవు.”

నిజమే, తనూ నవ్వింది. ముత్తమ్మ కోపం సగం కరిగిపోయింది. మిగిలిన సగం మాత్రం కరగలేదు.

“మరి పొద్దుగాల బక్కయ్య మామ అన్నది ఇన్నవు గద. నువ్వు చేసిన పనికి ఈళ్ళ సామాను బయటేస్తమంటె ఎట్ల ఊకున్నవు?”

“పోతె పోతరు” అంది అండాలమ్మ మొండిగా. “ఆళ్ళకు ఊరుంది, అక్కడ ఇల్లుంది. నీ కడుపుల బిడ్డకు ఏమన్న అయితె నాకేముంది?”

వెనక అలికిడైంది. ముసలావిడ ఎండలో ఉందని ఇందిరాదేవి చెంబుతో నీళ్ళు తెచ్చింది. ఆ మాట మొత్తం వింది. చెంబు అక్కడ నేలమీద పెట్టి, వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది. గడియ పడిన చప్పుడు ఇద్దరికీ వినపడింది.

“నువ్వే చెప్పాలె అత్తా, నీ కొడుక్కు” అంది ముత్తమ్మ. అండాలమ్మ తలూపింది కానీ ఇంటికి రాలేదు. బర్రెను తోలుకుని ఎటో వెళ్ళిపోయింది. ఇక ముత్తమ్మే మొగుణ్ణి లేపి చెప్పింది. మట్టయ్య ఆమెను కొత్తమనిషిని చూసినట్టు చూశాడు.

“ఆళ్ళింటికి పోయొచ్చినవా? మస్తు నూరిపోసిండ్రు. నా తల్లి మీదనే చెప్పెటట్టు చేసిండ్రంటె మామూలోళ్ళు కాదు.”

సాయంత్రం బక్కయ్య కుర్రాళ్ళను వెంటబెట్టుకుని వచ్చాడు. మట్టయ్య ముందు నడిచాడు. వద్దు వద్దంటూ ముత్తమ్మ వెనక నడిచింది. సాంబమూర్తి అరుగు మీదికి వచ్చి నిలబడ్డాడు.

“మట్టయ్యగారూ, హద్దు దగ్గర మీతో గొడవపడ్డ మాట నిజం. కానీ మీ పునాదిలో నేను చెయ్యి పెట్టలేదు.”

“మరి ఎవరు పెట్టిండ్రు? నా పెండ్లానికి చెప్పిన మాట నా ముంగట చెప్పు.”

సాంబమూర్తి చుట్టూ ఉన్న కుర్రాళ్ళను చూశాడు. ఇంతమంది ముందు ఒక ముసలితల్లి పేరు తీయడానికి ఆయనకు నోరు రాలేదు. “అది నేను చెప్పేది కాదు” అన్నాడు.

“నోరు పెగుల్తలేదు చూడు” అన్నాడు బక్కయ్య. ఇద్దరు కుర్రాళ్ళు అరుగెక్కి మంచం ఎత్తారు. లోపల ఇందిరాదేవి ఏడుపు వినిపించింది.

అప్పుడే పక్క జాగలో మట్టి పడిన చప్పుడైంది. అందరూ అటు తిరిగారు. అండాలమ్మ పార పట్టుకుని పునాదిలోకి మట్టి లాగుతోంది. ఎవరివైపూ చూడడం లేదు.

“అవ్వా, ఏం చేస్తున్నవు?” అన్నాడు మట్టయ్య.

“రోజు చేసేదే చేస్తున్న.”

“అవ్వా...”

“గడప లేస్తె ఏమైతదో నాకెర్క. ఒకసారి చూసిన. మళ్ల చూడలేను బిడ్డా.” ఆయాసానికి మాట తెగిపోతోంది, అయినా చేతులు ఆగలేదు. తమ్ముడి వైపు తిరిగింది. “పూడ్సింది నేను బక్కయ్యా. మరి నన్ను ఎక్కిస్తవా బెజవాడ బస్సు?”

అక్కకు పుట్టి ఏడవకుండానే పోయిన పసివాణ్ణి ఊరి చివరకు మోసుకెళ్ళినప్పుడు బక్కయ్య కూడా వెంట ఉన్నాడు. కుర్రాళ్ళ చేతిలోని మంచాన్ని తనే అందుకుని ఉన్నచోట దింపాడు. మట్టయ్య వెళ్ళి తల్లి చేతిలో పార తీసుకున్నాడు. ఆమె అరచేతుల్లో బొబ్బలు చూసి, ఆ పునాది గట్టు మీదే కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. “నీ మనుమడో మనుమరాలో వచ్చినంకనే తవ్వుత అవ్వా” అన్నాడు. కానీ అరుగు వైపు తలెత్తి చూడలేకపోయాడు. క్షమించమని అడగనూ లేదు.

తొలకరి పడకముందే ముత్తమ్మకు ఆడపిల్ల పుట్టింది. కబురు వెళ్ళింది, ఇందిరాదేవి రాలేదు. పిల్లకు వారం దాటిన రోజున మట్టయ్య బయటినుంచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

“సాంబమూర్తి బదిలీ చేయించుకున్నడట. బండి వచ్చింది. పెట్టెలు ఎక్కిస్తున్నరు.”

ముత్తమ్మ పిల్లను గుండెకు హత్తుకుని బావురుమంది. “మనమే ఎల్లగొట్టినం” అంది.

అండాలమ్మ లేచింది. కోడలి ఒడిలోంచి పిల్లను తీసుకుని కొంగులో చుట్టుకుంది.

“పురుడెల్లలే అవ్వా” అన్నాడు మట్టయ్య కంగారుగా. “పసిపిల్ల గడప దాటొద్దు.”

“నాకు చెప్తున్నవా?” అని ఆమె గడప దాటింది. మట్టయ్య వెంట పరుగెత్తాడు.

ఎల్బీనగర్ దారిలో బండి కదలడానికి సిద్ధంగా ఉంది. ఇందిరాదేవి తాళం చేతిలో పట్టుకుని ఖాళీ వాకిట్లో నిలబడి ఉంది. అండాలమ్మ ఆమెకు దూరంగా ఆగిపోయింది.

“ఆనాడు పోతె పోతరన్న. నా నోటితోనే అన్న, నీ చెవులతోనే ఇన్నవు. లేదని ఎట్లంట?” “ఇది నా మనుమరాలు. పుట్టినంక తొల్త గడప దాటింది మీ ఇంటికే. పురిటిమైల అనుకుంటె ఈడనే నిలబడ్త. పోకుండ్రి తల్లీ.”

ఇందిరాదేవి కదల్లేదు. ఎండకు పసిపిల్ల కళ్ళు చిట్లించి కేర్‌మంది. ఆ ఏడుపుకు ఆమె చేతులు వాటంతట అవే ముందుకు చాచుకున్నాయి.

“ఎండలో ఏంటండీ పిల్లను పట్టుకుని. ఇలా ఇవ్వండి” అని అందుకుని లోపలికి నడిచింది. అండాలమ్మ గడప ఇవతలే ఉండిపోయింది. ఇందిరాదేవి వెనక్కి తిరిగింది. ఆమె కళ్ళనిండా నీళ్ళు. “మీరూ రండి పెద్దమ్మగారూ.”

సాంబమూర్తి బండి దగ్గరికి వెళ్ళి పెట్టె మీద చెయ్యి వేశాడు. మట్టయ్య రెండో వైపు పట్టుకున్నాడు.

“తప్పయింది సార్” అన్నాడు.

“ముందు పెట్టె దింపుదాం పట్టవయ్యా” అన్నాడు సాంబమూర్తి.