మోకాళ్ళ కింద కార్బన్

ఆకాశానికి తాడు కట్టగల పదార్థం గురించి మహీధర్ ఊగిపోతూ చెబుతున్నప్పుడు రెండో వరసలో ఒక అమ్మాయి చెయ్యెత్తింది.

ఐర్లండ్‌లోని అత్లోన్ ఊళ్ళో తెలుగువాళ్ళంతా ఉగాదికి కలిసిన రోజు అది. పిల్లలకి సైన్సు మీద నాలుగు ముక్కలు చెప్పమంటే మహీధర్ నలభై స్లైడ్లు తెచ్చుకున్నాడు. అతను పరిశోధన చేసేది కార్బన్ నానోట్యూబుల మీద. బొగ్గులో, పెన్సిల్ ములుకులో ఉన్న కార్బనే కంటికి కనపడనంత సన్నని గొట్టంలా చుట్టుకుంటే ఉక్కుని మించిపోతుందని చెబుతున్నాడు. పిల్లలు సమోసాల వైపు చూస్తున్నారు. అతను అప్పటికే అంతరిక్షంలో ఉన్నాడు.

"అంతా బావుంది. చలికి పనికొస్తుందా?" అని అడిగింది ఆ అమ్మాయి.

హాలంతా నవ్వింది. మహీధర్ మొహం మాడింది. ఇది చాలా పెద్ద పరిశోధన అనీ, గది హీటరు కాదనీ కాస్త పొగరుగానే జవాబిచ్చాడు.

"గ్రాండ్," అంది, సరే అనడానికి ఐరిష్‌వాళ్ళు వాడే మాట. "అయితే మా ఇంట్లో హీటరే నయం," అని కూర్చుంది.

పేరు హెలెన్. నర్సు. తండ్రి యెషయా వారమంతా వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి స్నానాలు చేయిస్తాడు, ఆదివారం మాత్రం తెలుగు క్రైస్తవ సంఘానికి పాస్టరు. ఒక ఫుట్‌బాల్ క్లబ్బు హాలు అద్దెకి తీసుకుని ప్రార్థన పెడతారు. ఆ హాల్లో చలి గాలిలోంచి రాదు, నేలలోంచి వస్తుంది. చెప్పులు బయట విడిచి, జంపఖానాల మీద మోకరించే అలవాటు ఆ సంఘానిది. హెలెన్ ఎగతాళికి అడగలేదు. మోకాళ్ళ నొప్పులు చూసి అడిగింది.

ఈ సంగతి సమోసాల దగ్గర తెలిసింది. క్షమాపణ చెప్పడానికి వెళ్ళిన మహీధర్ మళ్ళీ నానోట్యూబుల గురించే మాట్లాడాడు. ఆమె విన్నదా, సమోసా అయ్యేదాకా నిలబడిందా అన్నది అతనికి ఇప్పటికీ తేలలేదు.

తరవాత జరగాల్సిందే జరిగింది. షానన్ నది పక్కన నడకలు, వాన, గాలికి వెనక్కి తిరగబడే గొడుగు. ప్రేమలో పడ్డవాడికి జలుబు కూడా వరంలా కనిపిస్తుంది. అది జబ్బే. నర్సుకి కూడా నయం చెయ్యాలని తోచలేదు.

పెళ్ళి మాట వచ్చేసరికి మహీధర్ తల్లి సీతాలక్ష్మి ఫోన్లో ఏడ్చి, అలిగి, చివరికి అమ్మాయి ఫొటో పంపమంది. యెషయా ఏడవలేదు, అలగలేదు. కుర్రాడు మంచివాడే అయినా వాడు దేన్ని నమ్ముతాడో తనకి అర్థం కావడం లేదని, మాట అక్కడ ఆపేశాడు.

"నాన్నని కాదని రాను. నిన్ను కాదని ఇంకొకడిని చేసుకోను. ఏం చేస్తావో చెయ్యి," అంది హెలెన్.

ఇలాంటప్పుడు తెలివైనవాడు పెద్దాయన కాళ్ళ మీద పడతాడు. మహీధర్ డాక్టరేటు ఉన్నవాడు కాబట్టి సంఘం కాళ్ళ కింద హీటరు పెట్టాడు.

పల్చటి ప్లాస్టిక్ షీట్ల మీద నానోట్యూబుల నల్లరంగు పూశాడు. రెండు అంచుల్లో రాగి పట్టీలు అతికించాడు. షాక్ కొట్టనంత చిన్న కరెంటు పంపితే షీటంతా ఒకే తీరుగా వెచ్చబడుతుంది. ల్యాబులో దాని మీద బూట్లతో అటూ ఇటూ నడిచి చూసుకున్నాడు. హాయిగా ఉంది. శనివారం జంపఖానాల కింద పరిచేశాడు. యెషయా చూసి సరేనన్నాడు తప్ప, ఏమిటీ అని అడగలేదు. హాలు వెచ్చబడితే చాలు ఆయనకి.

బూట్లతో నడిచేవాడు మోకరించేవాళ్ళకి లెక్క కట్టాడు. తప్పంతా అక్కడే ఉంది. మనిషి ఒకేచోట మోకాళ్ళు ఆనిస్తే కింద వేడికి బయటికి పోయే దారి ఉండదు. అక్కడే పోగవుతుంది. పైగా యెషయా ప్రార్థన పొడుగు.

ఆదివారం పాటలు బాగా సాగాయి. అందరూ మోకరించారు. యెషయా చెక్క వేదిక మీద కళ్ళు మూసుకుని, ఈ సంఘాన్ని లేపమని ప్రభువుని వేడుకోవడం మొదలుపెట్టాడు. ముందు శాంత ఆంటీ లేచి నిలబడింది. తరవాత ఆవిడ పక్కావిడ. చూస్తూండగానే వరసకి వరస లేచింది. ప్రార్థన మధ్యలో వేడి అనడానికి ఎవరికీ నోరు రాక స్తోత్రం, స్తోత్రం అన్నారు. వెనక కుర్చీలో ఉన్న మహీధర్ వంగి నేల తాకి చూసి, గబగబా స్విచ్ కట్టేశాడు. అప్పటికే యెషయా కళ్ళు తెరిచాడు.

సంఘమంతా నిలబడి ఉంది. ఆయన చెంపల మీద నీళ్ళు కారాయి.

బయట వానలో మహీధర్ భుజం పట్టుకుని చెప్పాడాయన. "ఏళ్ళ తరబడి అడుగుతున్నాను బాబూ, ఉజ్జీవం పంపమని, నిద్రపోతున్న సంఘాన్ని లేపమని. నువ్వు అడుగుపెట్టిన రోజున వచ్చింది. రేపు ఇంటికి రా. మీ సంగతి మాట్లాడుకుందాం."

అల్లుడయ్యే రాత అంత సులువుగా చేతికొచ్చింది. మహీధర్ నోరు మూసుకుంటే చాలు. జీవితంలో మొదటిసారి నోరు మూసుకోవాల్సిన అవసరం వచ్చింది, అదే అతని వల్ల కాలేదు. ఆ సాయంత్రమే హెలెన్‌కి మొత్తం చెప్పేశాడు. ఆమె నవ్వుతుందనుకున్నాడు. నవ్వలేదు.

"నాన్న స్లైగో, సిటీవెస్ట్ సంఘాలకి ఫోన్లు చేసి చెప్పేశాడు, ఇక్కడ ఉజ్జీవం వచ్చిందని."

"ఇప్పుడు నిజం చెబితే పెళ్ళి పోతుంది."

"చెప్పకపోతే చేసుకున్నాక రోజూ ఆయన మొహం చూడాలి. నీ ఇష్టం."

మర్నాడు వాళ్ళింట్లో హెలెన్ తల్లి కృపావతి టీ ఇచ్చి కూర్చుంది. మహీధర్ స్లైడ్లు లేకుండా, నానోట్యూబులు లేకుండా, తన జన్మలో అతి పొట్టి ఉపన్యాసం ఇచ్చాడు. నేల కాలింది అంకుల్, అందుకే లేచారు, తప్పు నాది అన్నాడు.

యెషయా టీ కప్పు పట్టుకుని కిటికీ వైపు తిరిగాడు.

"నా ప్రార్థనకి ఒక్కరూ లేవలేదంటావా?"

"అంత మాట చెప్పలేను అంకుల్."

"శాంతమ్మ ఏడిచింది. అదీ మోకాళ్ళకేనా?"

"తెలీదంకుల్."

"నాకు చెప్పకపోయినా గడిచిపోయేదిగా నీకు."

మహీధర్ తల ఊపాడు. ఇక లేచి వెళ్ళడమే మిగిలిందనుకుని కప్పు కింద పెట్టాడు. చొక్కా మీద టీ ఒలికింది. పోతూ పోతూ కూడా మర్యాదగా పోలేని మనిషి.

"కూర్చో," అన్నాడు యెషయా. "గొప్పగా ఫోన్లు చేసింది నేను. కాదని చెప్పే ఫోన్లు నువ్వు చెయ్యి."

హెలెన్ స్లైగో పాస్టరు ప్రసన్న కుమార్ నంబరు కలిపి, స్పీకరు నొక్కి మహీధర్ ముందు పెట్టింది. మహీధర్ వందనాలు చెప్పి, అత్లోన్‌లో సంఘం లేచింది హీటరు వల్లేనని చెప్పాడు. అవతలినుంచి ప్రశ్న వచ్చింది.

"ఇంతకీ మీరెవరు? యెషయాగారికి ఏమవుతారు?"

మహీధర్ బోలెడు పరీక్షలు రాశాడు. ఏ పరీక్షలోనూ ఇలాంటి ప్రశ్న రాలేదు.

యెషయా టీ కప్పులోంచి తల ఎత్తలేదు. "బయటివాడు చెబితే ఆయన నమ్మడు. మా అల్లుడివని చెప్పు."

మహీధర్ నోరు తెరిచాడు. మాట రాలేదు. అవతలాయన హలో, హలో అంటున్నాడు. కృపావతి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

హెలెన్ ఫోను తన వైపు లాక్కుంది. "అవునండీ, అల్లుడే. ఈయన మాట్లాడకపోవడం మేమూ ఇదే మొదటిసారి చూడటం."