మూడో పిలుపు

చిలకలపూడి దాటి సముద్రం వైపు వెళ్లే రోడ్డులో, ఉప్పుకాలవ పక్కన ఒక చర్చి ఉంది. పగలు చూస్తే ముచ్చటగా ఉంటుంది. చీకటి పడితే మాత్రం ఆ కాంపౌండు గోడ పక్కనుంచి ఎవరూ నెమ్మదిగా సైకిలు తొక్కరు.

గోడ లోపల, సమాధుల మధ్య, విల్సన్ ఉన్నాడు. అంటే విల్సన్ విగ్రహం. మనిషి కార్గిల్ యుద్ధంలో పోయాడు. శవం దొరకలేదు, ట్రంకుపెట్టె ఒక్కటే ఇంటికొచ్చింది. సమాధి కట్టడానికి ఏమీ లేక పేటవాళ్లంతా కలిసి నిలువెత్తు సిమెంటు జవానుని నిలబెట్టారు. చేతిలో తుపాకీ, చూపు గేటు వైపు. విల్సన్‌కి మీసం ఉండేది కాదు. మేస్త్రే పెట్టేశాడు. "మీసం లేకపోతే మిలట్రీవాడంటే ఎవరు నమ్ముతారండీ?" అన్నాడట.

చాలాకాలం ఆ విగ్రహం నోరు మెదపలేదు.

మొదట విన్నవాడు చేపలమ్మే పోతురాజు. ఆదివారం రాత్రి ఎనిమిది దాటింది. కరెంటు పోయింది. ఖాళీ తట్ట సైకిలుకి కట్టుకుని వస్తూ, గేటు దగ్గర చైను ఊడితే దిగాడు. అప్పుడు... లోపలి నుంచి ఎవరో గొంతు తగ్గించి అన్నారు —

"తమ్..."

అంతే. మాట సగంలో తెగిపోయింది. పోతురాజు సైకిలు అక్కడే పారేసి ఇంటిదాకా పరుగెత్తాడు.

తెల్లారేసరికి పేటంతా కలిసి అర్థం తేల్చేసింది. తమ్... అంటే ఇంకేముంటుంది? తమ్ముడూ! విల్సన్ తమ్ముడు ధర్మారావు పెళ్లి గురించి మూడు ఆదివారాలు చదవాల్సిన ప్రకటనల్లో మొదటిది ఆ ఆదివారమే కదా చర్చిలో చదివారు. అన్న మనసు ఊరుకుంటుందా మరి!

తల్లి రావమ్మ ఏడ్చి, నవ్వి, మళ్లీ ఏడ్చింది. "నా పెద్దోడు దీవించడానికి పిలుస్తున్నాడ్రా ధర్మారావూ. వెళ్లి ఒకసారి పలుకు నాయనా."

ధర్మారావు మాత్రం కంచం ముందు నుంచి లేచిపోయాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడని సామెత. అతని చెయ్యి భుజం మీదికి కాదు, చొక్కా జేబు మీదికి వెళ్లింది.

ఆ జేబులో ఏముందో అతనికీ దేవుడికీ తప్ప తెలీదు.

రెండేళ్ల కిందట, యుద్ధం ఇంకా మొదలుకాకముందు, రావమ్మకి జ్వరం తిరగబెట్టి మంచాన పడింది. "అన్నకి టెలిగ్రాం కొట్టరా, వాణ్ణి చూడాలి" అంది. ధర్మారావు బందరు వెళ్లాడు. ఫారం మీద 'తల్లికి సీరియస్, వెంటనే బయలుదేరు' అని రాశాడు. క్యూలో కూడా నిలబడ్డాడు. అప్పుడు గుర్తొచ్చింది, అన్న ఈసారి సెలవు మీద వస్తే జ్యోతిర్మయితో పెళ్లి చేద్దామని పెద్దలు అనుకున్నారని. జ్యోతిర్మయి అంటే ధర్మారావుకీ ప్రాణమే. ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఇంటికొచ్చి, "కొట్టానమ్మా" అన్నాడు.

రావమ్మ కోలుకుంది. విల్సన్‌కి సెలవు పెట్టే కారణమే అందలేదు. కొండెక్కాడు... దిగలేదు.

ఇప్పుడు జ్యోతిర్మయి ధర్మారావుకి పెళ్లికూతురు. ఆ ఫారం అతను చింపలేకపోయాడు, కాల్చలేకపోయాడు. చొక్కా మార్చినప్పుడల్లా జేబు మార్చాడు.

రెండో ఆదివారం రెండో ప్రకటన చదివారు. మూడో ఆదివారం మూడోదీ అయింది. తెల్లారితే పెళ్లి. ఆ రాత్రి రావమ్మ అతని చేతిలో కొవ్వొత్తి పెట్టి గెంటినంత పని చేసింది. "నువ్వు పలక్కపోతే వాడి ఆత్మకి శాంతి ఉండదురా."

గేటు తోశాడు. కిర్రుమంది. గాలికి కొవ్వొత్తి ఆరిపోయింది. సమాధుల సున్నం మసకగా తెల్లగా ఉంది. వాటి మధ్య ఆ నల్లటి ఆకారం...

"తమ్..."

ధర్మారావు గేటు వైపు తిరగబోయాడు. అయినా ఆ గొంతు! రెండేళ్లయింది ఆ గొంతు విని. ఏడుపు తన్నుకొచ్చింది.

"వస్తున్నా అన్నయ్యా..."

నాలుగడుగులు వేశాడు.

"తమ్..."

ఈసారి కాస్త గట్టిగా. పిలుస్తున్నాడు. తెలిసి కూడా పిలుస్తున్నాడంటే క్షమించేసినట్టే కదా! ధర్మారావు గుండెలో రెండేళ్ల బరువు దిగినట్టయింది. చేతులు చాచి ముందుకు నడిచాడు.

"నేనే అన్నయ్యా... తమ్ముణ్ణి..."

"తమ్!"

ఆ మాటలో ప్రేమ లేదు. ధర్మారావు కాళ్లు భూమిలో దిగబడ్డట్టు ఆగిపోయాయి. ఆ తర్వాత ఏమీ లేదు. కప్పలు కూడా అరవడం మానేశాయి.

వెనకనుంచి ఎవరో రెక్క పట్టుకుని గేటు బయటికి ఈడ్చారు. కాంతారావుగారు! రిటైర్డు సుబేదారు. విల్సన్‌ని మిలట్రీలో చేర్పించింది ఆయనే. పెళ్లికని గుడివాడ నుంచి వచ్చి, పడుకోబోయే ముందు విగ్రహానికి ఒక సెల్యూట్ కొడదామని ఇటు నడిచారు. 

"ఎన్నిసార్లన్నాడు?" గుసగుసగా అడిగారు.

"మూడు... అన్నయ్య నన్ను పిలిచాడండీ."

"పిలవడం కాదయ్యా అది! 'థమ్'. హిందీ. ఆగు అని. కాపలా ఉన్న జవాను చీకట్లో మనిషిని చూస్తే అనే మాట. మూడుసార్లు ఆగమంటాడు."

"తర్వాత..?"

కాంతారావుగారు గేటు గొళ్లెం పెట్టారు. "తర్వాత అనడం ఉండదు."

ఆ రాత్రి ధర్మారావు కన్ను మూయలేదు. పోనీ పెళ్లి మానేద్దామా అంటే కారణం చెప్పాలి. కారణం చెబితే తల్లి బతకదు. పొద్దున్నే సూటు తొడుక్కున్నాడు. ఫారం సూటు జేబులోకి మారింది.

పది గంటలకి చర్చి నిండిపోయింది. ఎండ ఫెళ్లున కాస్తోంది. పాస్టరుగారు పుస్తకం తెరిచి ఎప్పటిలాగే చదివారు. "ఈ వివాహానికి అభ్యంతరం గలవారెవరైనా ఉంటే ఇప్పుడే చెప్పాలి."

ఆ ఒక్క క్షణం చర్చిలో నిశ్శబ్దం...

బయట, సమాధుల వైపు నుంచి — చటక్... టక్.

వెనక బెంచీలో కూర్చున్న కాంతారావుగారు దభీమని నేల మీద బోర్లా పడ్డారు. అరవై ఏళ్ల మనిషి, ఇస్త్రీ పంచెతో! ఆడవాళ్లు కిసుక్కున నవ్వారు.

ధర్మారావు నవ్వలేదు. రెండు చేతులూ పైకెత్తాడు. పెళ్లికొడుకు దేవుణ్ణి స్తుతిస్తున్నాడనుకుని ఒకరిద్దరు "ఆమెన్" అన్నారు.

"నాకుందండీ అభ్యంతరం," అన్నాడు ధర్మారావు. "నాకే ఉంది."

జేబులోంచి ఫారం తీసి తల్లి చేతిలో పెట్టాడు. రావమ్మకి చదువు రాదు. పక్కనున్నావిడ చదివి వినిపించింది.

"కొట్టానన్నావు కదరా," అంది రావమ్మ.

"లేదమ్మా."

 ఆ రోజు నుంచి పోయేదాకా ఆమె ఆ కొడుకుతో మాట్లాడలేదు. జ్యోతిర్మయి ముసుగు తీసేసి, చేతిలో పూలగుత్తితో బయటికి నడిచింది. విగ్రహం కాళ్ల దగ్గర అది పెట్టి, తిరిగి చూడకుండా ఇంటికెళ్లిపోయింది.

ఆ తర్వాత ఆ దారిలో ఎవరికీ ఏ పిలుపూ వినపడలేదు. ఇక భయం లేదని పేటవాళ్లు ధైర్యం చెప్పుకున్నారు. ధర్మారావు అక్కడే, చర్చి ఎదురుగా పాక వేసుకుని ఉంటున్నాడు. రోడ్డు దాటడు.

కాంతారావుగారిని అడిగితే ఆయన మాత్రం తల అడ్డంగా ఊపుతారు.

"ఆ రోజు తుపాకీలో గుండు ఎక్కించిన చప్పుడు విన్నానండీ. దించిన చప్పుడు మాత్రం... ఇంతవరకూ వినలేదు."