గువ్వల గుట్ట మీద మాచమ్మ

కొండవాక రాజ్యంలో వేట ఆగిపోయి మూడేళ్ళయింది. రాజుగారికి జంతువుల మీద జాలి పుట్టిందనుకునేరు, అదేం కాదు! అడవిలో చేరిన ఒక మాయలాడి కట్టెలకు వెళ్ళినవాళ్ళను వెళ్ళినట్టే మార్చేస్తోంది. ఒకడు దుప్పి అయ్యాడు, ఒకడు నెమలి అయ్యాడు. ఏ బాణం ఎవరి మొగుడికి తగులుతుందోనని ఊరంతా భయం.

మాచమ్మ అనే పిల్ల అన్న మైలారు కూడా మూడేళ్ళ కిందటే కట్టెలకు వెళ్ళి గువ్వ అయ్యాడు. పారిపోయి వచ్చిన తోటివాడు అది కళ్ళారా చూశాడు. అమ్మానాన్నా లేని ఆ పిల్లకు అన్నే లోకం. ఎక్కడ గువ్వ కూసినా ముద్ద గొంతు దిగేది కాదు. చివరికి ఉండబట్టలేక అడవి దారి పట్టింది.

దారిలో ఒక ముసలి ముని ఆమె బాధను దివ్యదృష్టితో తెలుసుకుని, తన చెవిపోగు తీసి ఆమెకిచ్చాడు.

"ఏ కూత విన్నా అది ఏ ప్రాణిదో ఇది చెబుతుంది తల్లీ. నాకెలాగూ చెవుడొచ్చింది. మీ అన్నను చేతిలోకి తీసుకుని పేరు పెట్టి పిలువు, మనిషవుతాడు. ఆ పేరుతో వేరే పిట్టను పిలిచావో, నువ్వే పిట్టవైపోతావు!"

ఆ పోగుకు మహా నోటి దురుసు. పొదలో గుర్రుమంటే "అడవిపంది, పక్కకు జరుగు" అంది. వాగు దగ్గర "దుప్పి బెదురు కూత అది. వెనక పులి ఉంది, చెట్టెక్కు" అంది. ఆ తర్వాత లోయలోంచి అచ్చం అన్న గొంతే వినిపించింది.

"చెల్లీ, ఇక్కడున్నానే!"

మాచమ్మ పరుగెత్తబోయింది.

"తోడేలు. మాయలాడి పెంచింది" అంది పోగు.

ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. అబద్ధమని తెలిసినా ఆ గొంతు ఇంకొక్కసారి వినాలనిపించింది.

గువ్వల గుట్ట ఎక్కేసరికి కొమ్మకొమ్మకూ గువ్వలే.

"గువ్వ, గువ్వ, గువ్వ" అని పోగు విసుక్కుంది.

"ఇందులో మా అన్న ఏది?"

"జాతి చెబుతాను గానీ, ఎవరి అన్నో నాకేం తెలుసు?"

"అన్నా!" అని అరిచింది మాచమ్మ. గుట్టంతా గువ్వలు కూశాయి. మళ్ళీ పిలిచింది, మళ్ళీ కూశాయి. ఒక్కటి మాత్రం రెండుసార్లూ నోరు విప్పలేదు. మాచమ్మకు చటుక్కున గుర్తొచ్చింది. దయ్యాలు రెండుసార్లే పిలుస్తాయని, అడవిలో మూడో కేకకు గానీ పలకకూడదని కట్టెలు కొట్టేవాళ్ళ కట్టుబాటు.

"అన్నా!" అని మూడోసారి పిలిచింది. ఆ గువ్వ కూసి, ఎగిరి వచ్చి, అరచేతిలో వాలింది.

"ఇదీ గువ్వే. జాగ్రత్త!" అంది పోగు.

"మైలారన్నా!" అంది మాచమ్మ.

రెక్కలు రాలిపోయి అన్న నిలబడ్డాడు. "మూడోసారి పిలవడానికి మూడేళ్ళు పట్టిందటే నీకు?" అంటూ చెల్లెల్ని గుండెకు హత్తుకున్నాడు.

తర్వాత ఆ పోగు పట్టుకుని జనమంతా తమవాళ్ళ కోసం అడవికి కదిలారు. దారి చూపినందుకు రాజుగారు మాచమ్మకు అర్ధరాజ్యం ఇస్తానన్నారు.

"ఈవేళ కాదు దొరా. అన్నతో చెప్పుకోవాల్సిన మాటలు మూడేళ్ళవి ఉన్నాయి" అని ఆ పిల్ల ఇంటికి వెళ్ళిపోయింది.