పట్టుగూళ్ళ బండీ, ఎర్ర కాంటెస్సా

"ఏమప్పా, ఈ ఎర్ర కారు నీదేనా? రెండు బండ్ల జాగాలో అడ్డంగా పెట్టినావే, మిగిలిన జాగా ఎవురికి? దాని నీడకా?"

కర్చీఫుతో బానెట్ మీది వాన చినుకులు తుడుస్తున్న ఉపేంద్ర తలెత్తి చూశాడు. తెల్ల పికప్ వ్యాన్ కిటికీలోంచి ఒకమ్మాయి తొంగి చూస్తోంది. జడలో మల్బరీ ఆకు ముక్క ఒకటి చిక్కుకుని ఉంది. ఆ సంగతి ఆమెకు తెలిసినట్టు లేదు.

"పక్క బండి డోరు తగిలితే గీత పడుతుందండీ," అన్నాడు.

"అంత ముద్దయితే ఇంట్లోనే పెట్టుకోవచ్చు కదా. స్పీడు క్లాసుకి ఎందుకు తెచ్చినావు?"

"ఈ క్లాసుకి రావాల్సొచ్చిందే దీనివల్లండీ."

ఆమె నవ్వు ఆపుకుంది. ఆపుకున్న నవ్వు కళ్ళలోంచి బయటికొచ్చేసింది.

ఉపేంద్ర కారు పక్కకి జరిపాడు. ఆమె రివర్సులో, అద్దాలు మాత్రమే చూసుకుంటూ, అంత పొడుగు బండినీ ఒక్క ప్రయత్నంలో ఆ సందులో పెట్టేసింది. బ్రేకు లైటు ఒక్కసారి వెలిగి ఆరింది, అంతే.

'ఇంత బాగా తోలే మనిషికి స్పీడు చలానా ఎలా పడింది?' అనుకున్నాడు ఉపేంద్ర. ఈ అనుమానాన్ని మీరు కూడా జేబులో పెట్టుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఉపేంద్రది రాజమండ్రి. హోసూరులో ఓ విడిభాగాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. తుప్పు పట్టి షెడ్డులో పడున్న పాతకాలపు కాంటెస్సా కారుని తెచ్చి, ఆదివారాలన్నీ దానికే ధారపోసి, పెళ్ళికూతుర్ని చేసినట్టు చేశాడు. వాళ్ళమ్మ ఫోన్ చేసి "ఏం చేస్తున్నావురా?" అంటే, "కార్బురేటర్ కడుగుతున్నానమ్మా," అనేవాడు. ఆవిడ నిట్టూర్చి ఫోన్ పెట్టేసేది.

అందమైన కారుని దారిన పోయేవాళ్ళందరూ చూస్తారు. కెమెరాలూ చూస్తాయి. హోసూరు, కృష్ణగిరి మధ్య హైవే మీద అతనికి వరసగా చలానాలు పడ్డాయి. అలా పడ్డవాళ్ళు కృష్ణగిరిలో ఒకరోజు క్లాసులో కూర్చోవాలని, మళ్ళీ పడితే లైసెన్సు పోతుందని చెప్పి పంపించారు.

క్లాసు చెప్పేది ఆదిశేషయ్య, రిటైరైన ట్రాఫిక్ ఇన్‌స్పెక్టర్. ఆయన గొంతు పెంచడు. అందుకే అందరికీ ఎక్కువ భయం.

"ఒక్కొక్కరే లేచి ఎందుకొచ్చినారో చెప్పండి. కథలొద్దు."

ఉపేంద్ర లేచాడు. "సార్, నాది తప్పు కాదండీ. నా మీటరు ఎప్పుడూ ఎనభై దాటలేదు. కెమెరాలోనే ఏదో తేడా ఉంది."

"కెమెరాలో కాదు సార్, చక్రాల్లో ఉండాది," వెనక బెంచీలోంచి ఇందాకటి గొంతు. "ఆ కారుతో వచ్చిన చక్రాలు ఇంత పెద్దవి కాదు. సోకుకి మార్చినాడు. చక్రం పెద్దదయితే ఒక చుట్టుకి ఎక్కువ దూరం పోతాది. మీటరు చుట్లే లెక్కపెడతాది, దానికేం తెలుసు పాపం? అది ఎనభై అంటా ఉంటే బండి తొంభై మీద ఉంటాది."

క్లాసంతా నవ్వింది. ఉపేంద్ర చెవులు కారు రంగుకొచ్చాయి. ఎన్ని షాపులు తిరిగి ఎంచుకున్నాడో ఆ చక్రాల్ని! వాటి మెరుపే చూశాడు కానీ, మీటరు సంగతి ఆలోచించనేలేదు. కార్ల పిచ్చివాళ్ళు మాత్రమే చేయగలిగిన తప్పు అది. కోపం రావాలి నిజానికి. కానీ, ఒక్కసారి చూసి చక్రాల సైజు పట్టేసిన అమ్మాయి మీద కోపం ఎలా వస్తుంది?

"నీ పేరేందమ్మా?" అన్నాడు ఆదిశేషయ్య.

"దివ్యశ్రీ సార్. మాది కెలమంగలం పక్కన. పట్టుపురుగులు పెంచుతాము."

"ఇంత తెలిసినదానివి, నువ్వెందుకొచ్చినావు?"

ఆమె ఒక్క క్షణం తటపటాయించింది. "బండి నా పేర్న ఉండాది సార్. చలానా పడింది. వచ్చినాను."

మధ్యాహ్నం ఆదిశేషయ్య అసలు పాఠం మొదలుపెట్టాడు. ఒకరి బండి ఇంకొకరు తోలాలి, సొంతదారు పక్క సీట్లో కూర్చోవాలి. "పక్క సీట్లో భయం ఎట్లుంటాదో తెలిస్తే, స్టీరింగు ముందర బుద్ధొస్తాది," అన్నాడాయన.

కాంటెస్సా తాళం ఉపేంద్ర ఇంతవరకూ తమ్ముడికి కూడా ఇవ్వలేదు. దివ్యశ్రీ చెయ్యి చాపింది. ఇచ్చేశాడు.

ఆమె కారెక్కి స్టార్ట్ చేసింది కానీ, వెంటనే కదిలించలేదు. స్టీరింగు మీద అరచేతులు ఆనించి, ఇంజను శబ్దం విన్నది. "శానా బాగా చేసినావప్పా దీన్ని," అంది మెల్లగా. ఆ ఒక్క మాటకి అతని ఆదివారాలన్నీ తిరిగొచ్చినట్టయింది.

ఆదిశేషయ్యని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని హైవే ఎక్కారు. సన్నగా వాన. గేరు మారినట్టు చెవికి తెలుస్తోంది తప్ప ఒంటికి తెలియడం లేదు. లారీ అడ్డమొస్తే దూరం నుంచే కాలు తీసేసి, బ్రేకు పని లేకుండానే తగ్గిస్తోంది.

"ఫోన్లో స్పీడు చూడప్పా. మీటరుకీ దానికీ ఎంత తేడా?"

"చూస్తున్నానండీ."

"ఫోన్ ఆపక్క ఉండాది. నువ్వు ఈపక్క చూస్తా ఉండావు."

వెనక సీట్లో ఆదిశేషయ్య కిటికీ వైపు తిరిగి గట్టిగా దగ్గాడు.

సాయంత్రం బయల్దేరబోతూ ఉపేంద్ర ధైర్యం చేశాడు. "మీ జడలో పొద్దున్నించీ ఆకు ఉందండీ."

"పొద్దున్నించీ చూస్తా గమ్మునుండావా?" ఆమె ఆకు తీసి పడేసింది. "పాత చక్రాలు ఉంచినావా, అమ్మేసినావా?"

"మంచం కింద ఉన్నాయండీ."

"మళ్ళీ బిగించినాక ఫొటో పంపు. నంబరు రాసుకో."

ఆ రాత్రే బిగించాడని వేరే చెప్పాలా?

తర్వాత ఆదివారాల్లో కార్బురేటర్‌కి విశ్రాంతి దొరికింది. కెలమంగలం బస్టాండు పక్క టీకొట్టు దగ్గర పికప్పూ కాంటెస్సా పక్కపక్కనే నిలబడేవి. ఇద్దరూ ఇంజన్ల గురించి మాట్లాడుకునేవాళ్ళు. మాటలు ఇంజన్ల గురించే, చూపులు మాత్రం కాదు. 'అండీ' పోయి 'దివ్యా' వచ్చింది. ఒకరోజు వానలో, రేకుల కింద, చల్లారిపోయిన టీ గ్లాసు పట్టుకుని ఉపేంద్ర చెప్పేశాడు.

"దివ్యా, నువ్వంటే నాకు చాలా ఇష్టం. పెళ్ళి చేసుకుందాం."

"ఇంత నిదానంగా అడిగినావు, స్పీడు క్లాసు బాగా పనిచేసింది," అంది దివ్యశ్రీ. మొహం మాత్రం వెలిగిపోయింది. "నాకూ ఇష్టమే. మా నాయనే కష్టం. క్లాసుకి పోయినోడని తెలిస్తే ఒప్పుకోడు."

"నువ్వూ వచ్చావుగా క్లాసుకి?"

"నీ టీ చల్లారిపోయింది. ఇంకోటి చెప్తా ఉండు," అంటూ ఆమె కొట్టు వైపు తిరిగింది.

దివ్యశ్రీ నాయన చెన్నకేశవ ఆ ఊళ్ళో మాట చెల్లే మనిషి. పంచాయతీకైనా పెళ్ళిమాటలకైనా ఆయన రావాల్సిందే. ఉపేంద్రని వాకిట్లో మంచం మీద కూర్చోబెట్టి, అన్నీ విని, మీసం సవరించుకున్నాడు.

"స్పీడుగాడికి నా బిడ్డనిచ్చేది లేదప్పా. అయినా ఒకటి చెప్తా విను. రేపు పట్టుగూళ్ళు హోసూరు మార్కెట్టుకి పోవాల. నువ్వు తోలు. ఒక్క గూడుకి మరక పడగూడదు, చలానా రాగూడదు. ఆడ చూసి మాట్లాడదాం."

దివ్యశ్రీ తల్లి మంజులమ్మ ఒక పట్టుగూడు తీసి ఉపేంద్ర చెవి దగ్గర ఆడించింది. లోపల ఏదో టకటకమంది.

"పురుగు లోపల ప్రాణంతోనే ఉంటాదప్పా. బండి ఎగిరిపడితే నలిగి పట్టుకి మరకైతాది. మరకైతే కొనేటోళ్ళు పక్కన పారేస్తారు. ఎండెక్కేలోగా చేర్చాల, నలగకుండా చేర్చాల," అంది. తర్వాత గొంతు తగ్గించి, "నాకు నువ్వు నచ్చినావు. జాగ్రత్తగా తోలు," అంది.

మర్నాడు తెల్లవారగానే పికప్‌లో బయల్దేరారు. స్టీరింగు దగ్గర ఉపేంద్ర, మధ్యలో చెన్నకేశవ, కిటికీ పక్క దివ్యశ్రీ. ప్రేమికుల మధ్య కొండలా కూర్చున్నాడాయన.

ఊరు దాటారో లేదో, ముందర బండ్లన్నీ ఆగి ఉన్నాయి. డెంకణికోట అడవి నుంచి వచ్చిన ఏనుగులు రోడ్డు దాటుతున్నాయి. ఒక తల్లి ఏనుగు రోడ్డు మధ్యలో నిలబడి, పిల్ల దాటేదాకా కదల్లేదు. ఉపేంద్ర ఇంజను ఆపేసి కూర్చున్నాడు. చెన్నకేశవ గడియారం చూసుకున్నాడు, కండువాతో మొహం తుడుచుకున్నాడు, మళ్ళీ గడియారం చూసుకున్నాడు.

దారి ఖాళీ అయ్యేసరికి బాగా పొద్దెక్కింది.

"వేలం మొదలైపోతాది. బిన్నా పోనీ అప్పా," అన్నాడు చెన్నకేశవ.

"పోతున్నానండీ."

"ఇదేం పోవడం? ఎద్దులబండి మేలు. ఒత్తు!"

"గుంతలున్నాయండీ. గూళ్ళు నలుగుతాయి."

గుంతలు దాటి నున్నటి రోడ్డు వచ్చింది. చెన్నకేశవ ముందుకు వంగాడు. "ఇంక గుంతల్లేవు. కెమెరా ఆ మలుపు కాడ ఉండాది. అది దాటితే పెద్ద బ్రిడ్జి దాకా ఏమీ లేదు, నాకు తెలుసు. ఒత్తు, ఒత్తప్పా!"

ఉపేంద్ర కిందికి చూశాడు. చెన్నకేశవ కుడికాలు, అక్కడ లేని యాక్సిలరేటర్‌ని నేలకి అదిమి తొక్కుతోంది. అలవాటైన కాలు అది. కెమెరాలు ఎక్కడున్నాయో ఇంత వివరంగా తెలియాలంటే వాటితో ఎంత పరిచయం ఉండాలి!

దివ్యశ్రీ వైపు చూశాడు. ఆమె కిటికీలోంచి బయటికి చూస్తోంది. కొంగు కొస నోటికి అడ్డం పెట్టుకుంది.

బ్రేకు అవసరం లేకుండా బండి తోలే అమ్మాయి. ఆమె పేరు మీద బండి. ఎవరు తోలినా చలానా ఆమెకే వస్తుంది. జేబులో దాచుకున్న అనుమానం ఇప్పుడు తీరింది. వాళ్ళ నాయన పరువు కోసం ఆమె అంతమంది ముందు నిలబడి, అబద్ధం చెప్పకుండా, నిజమూ చెప్పకుండా నెట్టుకొచ్చింది.  ఈమెని ఇంతకుముందే ప్రేమించాననుకున్నాడు ఉపేంద్ర. అప్పటిదాకా ప్రేమించింది కొంచెమేనని ఇప్పుడు తెలిసింది.

"ఏమప్పా, వినపడలేదా? వేలం పోతే ఈ పంటంతా పోయినట్టే. నా బిడ్డంటే నీకు ఇష్టం లేదా?"

"ఉంది కాబట్టే ఒత్తడం లేదు మామా," అన్నాడు ఉపేంద్ర. "ఆమె ఈ బండిలో ఉంది."

'మామా' అన్నది నోరు జారి వచ్చిందే.  చెన్నకేశవ కాలు మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

మార్కెట్టు చేరేసరికి మొదటి విడత వేలం అయిపోయింది. రెండో విడతకి గూళ్ళు పెద్ద పళ్ళేల్లో పోశారు. కొనేవాళ్ళు గుప్పిళ్ళతో తీసి, చెవి దగ్గర ఆడించి, వెలుతురులో తిప్పి చూశారు. ఎంత వెతికినా ఒక్క మరక కనబడలేదు. "ఎవురు తోలినారు కేశవన్నా? ఎప్పుడూ ఇట్ల రాలేదే మీ సరుకు!" అన్నాడొకాయన.

 చెన్నకేశవ ఉపేంద్రని పక్కకి పిలిచి, కండువా నలుపుతూ నిలబడ్డాడు.

"ఆ చలానాలు నావప్పా. ఊర్లో అందరికీ బుద్ధి చెప్పేటోన్ని, క్లాసులో కూర్చుంటే నవ్వుతారని... నా బదులు నా బిడ్డ పోయింది. నన్ను ఒక్క మాట కూడా అనలేదు."

"దారిలో తెలిసిందండీ."

"తెలిసీ గమ్మునే ఉంటివే?"

"ఆమె దాచిన మాట నేనెలా బయటపెడతానండీ?"

చెన్నకేశవ చాలాసేపు ఉపేంద్ర మొహం చూశాడు. కళ్ళు తడిశాయి, దాచుకోలేదు. "అండీ గిండీ వద్దు. ఇందాక ఏదో పిలిచినావే, అట్ల పిలువు."

తర్వాతి క్లాసు రోజు ఎర్ర కాంటెస్సా కృష్ణగిరిలో, గీతల మధ్య, ఒక్క బండి జాగాలో ఆగింది. వెనక సీట్లోంచి చెన్నకేశవ దిగాడు. ఎవరూ రమ్మనలేదు, తానే పేరిచ్చుకున్నాడు. ఉతికిన పంచె కట్టుకుని, పెళ్ళికి వచ్చినట్టు ముందు బెంచీలో కూర్చున్నాడు. ఉపేంద్ర, దివ్యశ్రీ బయట కిటికీ దగ్గరే ఆగిపోయారు.

"ఎందుకొచ్చినారు పెద్దాయనా?" అన్నాడు ఆదిశేషయ్య.

చెన్నకేశవ లేచి, కండువా తీసి చేతిలో పట్టుకున్నాడు.

"పోయినసారి ఈడ ఒక బిడ్డ కూర్చున్నింది సార్. ఆ బండి తోలింది ఆ యమ్మ కాదు, నేను."

కిటికీ బయట దివ్యశ్రీ రెండు చేతుల్తో మొహం కప్పుకుంది. వాన మొదలైంది. ఉపేంద్ర కాంటెస్సా తాళం తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"సాయంత్రం దాకా టైముంది. యాడికి పోదాం?" అంది ఆమె కళ్ళు తుడుచుకుంటూ.

"నువ్వు తోలుతున్నావుగా," అన్నాడు ఉపేంద్ర, పక్క సీటు డోరు తీసి. "ఎక్కడికైనా సరే."